జూన్ ఒకటో తారీఖు మోకాళ్ళు

డాక్టర్ వనజాక్షి ఏ సభలో మాట్లాడినా చివర్లో తన మోకాలే చూపించేది. కుర్చీలో కూర్చుని, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, అరచేతి వెడల్పున్న నల్లటి పట్టీని కుడి మోకాలికి చుట్టుకునేది. పట్టీ ఒక్క నిమిషం సన్నగా మూలిగి ఊరుకునేది. వెనకున్న తెరమీద ఆవిడ వయసు నెలలతో సహా పడేది. అప్పుడావిడ తన పదో తరగతి సర్టిఫికెట్ తీసి కెమెరా ముందు పెట్టేది. పుట్టినతేదీ జూన్ ఒకటి. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నవాళ్ళు ముందు చప్పట్లు కొట్టేవాళ్ళు, మిగతావాళ్ళు వాళ్ళను చూసి కొట్టేవాళ్ళు.

ఆగస్టు మొదటి వారంలో కర్నూలు సభలోనూ అదే జరిగింది. తెరమీద అక్షరాలు పడ్డాయి: "స్త్రీ. నలభై ఏడేళ్ళ రెండు నెలలు." హాలు కిక్కిరిసిపోయింది. సొంత జిల్లా అనేసరికి వనజాక్షికి మరింత హుషారొచ్చింది.

"పుట్టినప్పుడు మనలో ఎవరికీ మోకాలిచిప్ప ఎముకగా ఉండదండీ. మెత్తగా ఉంటుంది. ఆడపిల్లకు మూడేళ్ళకల్లా అందులో ఎముక మొదలవుతుంది, మగపిల్లాడికి మరో ఏడాదీ రెండేళ్ళూ పడుతుంది. వీళ్ళ ఆలస్యం అక్కడే మొదలు," అంటే ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "తొడ ఎముక కింది కొసన ఒక ఎదిగే పొర ఉంటుంది. మనం పొడుగయ్యేది దానివల్లే. వయసొచ్చేకొద్దీ అది మధ్యలోంచి మూసుకుంటూ వస్తుంది. మా పట్టీ శబ్దం పంపించి, పిల్లల్లో ఆ పొర ఎంత మూసుకుందో, పెద్దవాళ్ళలో అది మూసుకున్నచోట మిగిలిన గీత ఎంత అరిగిందో వింటుంది. ఎక్స్‌రే అక్కర్లేదు, నొప్పి లేదు, నెలలతో సహా వయసు చెప్పేస్తుంది."

తర్వాత తనకు పేరు తెచ్చిన మాట చెప్పింది. ఎక్కడ చూసినా ఆడపిల్లల్లో ఆ పొర మగపిల్లలకంటే రెండేళ్ళు ముందే మూసుకుంటుంది. వనజాక్షి ఈ జిల్లాలో పదకొండువందల నలభైమంది పిల్లల్ని పరీక్షిస్తే, ఇక్కడ ఇద్దరికీ ఒకే వయసులో మూసుకుంటోందని తేలింది. 'ఎముకల్లోనూ సమానమే' అని ఒక పత్రిక పెద్దక్షరాలతో వేసింది. ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించి పరిశోధనశాల గోడకు తగిలించుకుంది కూడాను.

ఇంటికి వెళ్తుంటే కార్లో పక్కన తల్లి ఓబుళమ్మ కూర్చుంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. కూతురి సభకు రావడం అదే మొదటిసారి. కొంతదూరం పోయాక కూతురి వైపు తిరిగింది.

"వనజా, నీకు నలభై ఏడు యాడుండాయే? దసరాకొస్తే గదా నలభై ఆరు నిండేది."

"అబ్బ, అది సర్టిఫికెట్ వయసులేమ్మా."

"అదే అడిగేది. నువ్వు మీ యన్నతోపాటు బడికి పోవాలని, ఒక్కదాన్నీ అంత దూరం పంపలేక, మీ నాయన నీ వయసు ఏడాదిన్నర పెంచి రాయించె. వానికేమో సర్కారు ఉద్యోగానికి పనికొస్తాదని ఎనిమిది నెలలు తగ్గించె. అయ్యవారు ఇద్దరికీ జూన్ ఒకటే ఏసె. కాగితాల్లో మీరిద్దరూ కవలలే గదా!" ఓబుళమ్మ నవ్వి, కూతురి మోకాలివంక చూసింది. "మీ నాయన చెప్పిన అబద్ధం ఆ పట్టీకెట్ల తెలిసెనే?"

"అది వేరేలేమ్మా, నీకు అర్థం కాదు," అంది వనజాక్షి. అర్థం కానిది ఎవరికో ఆమెకు తెలుసు. అయినా ఆ సంగతి గురించి ఆలోచించకుండా ఉండటం ఆమెకు అప్పటికే బాగా అలవాటైంది.

రెండువారాల తర్వాత పట్టీకి మొదటి సర్కారీ పని తగిలింది. కొత్తగా పెట్టిన ఒక క్రీడాపాఠశాలకు పిల్లల్ని ఎంపిక చేస్తున్నారు. చేరే రోజుకు పద్నాలుగు నిండకూడదని నిబంధన. హాస్టలు, చదువు, తిండి, బూట్లు అన్నీ ఉచితం. అందుకని మీసాలొచ్చిన కుర్రాళ్ళను కూడా పదమూడంటూ తెచ్చి నిలబెట్టేవాళ్ళట. కాగితాలు అబద్ధమాడుతున్నాయి కాబట్టి యంత్రం పెడదామన్నారు పైవాళ్ళు. వనజాక్షి తనే స్వయంగా వెళ్ళి మైదానం పక్కన షామియానా కింద కూర్చుంది.

ఆరువందల మీటర్ల పరుగులో ఒక పిల్ల అందరికంటే ఇరవై గజాలు ముందొచ్చింది. వట్టి కాళ్ళతో పరిగెత్తింది. వచ్చి నిలబడ్డాక కూడా ఆయాసపడకుండా, తన వెనక ఎవరొస్తున్నారో కుతూహలంగా చూసింది. పేరు ఉరుకుందమ్మ, తుంగభద్ర ఒడ్డునున్న ఏటిగడ్డపల్లె. వెంట వచ్చిన తల్లి ఈరమ్మ, బిడ్డ గెలిచిందని తెలిసి కొంగుతో పిల్ల పాదాలకంటిన మట్టి తుడవబోతే, ఆ పిల్ల సిగ్గుపడి కాళ్ళు వెనక్కు లాక్కుంది.

వనజాక్షి పట్టీ చుట్టింది. నిమిషం గడిచింది. "స్త్రీ. పదిహేనేళ్ళ రెండు నెలలు."

ఎంపిక అధికారి పెదవి విరిచాడు. "చూసినారా మేడం, సర్టిఫికెట్లో అక్టోబరు పన్నెండని రాయించినారు, ఇంకా పద్నాలుగు నిండలేదంట. ఏడాదిపైన దిగమింగినారు."

ఈరమ్మ ముందుకొచ్చింది. "మింగలేదు సారూ. కర్నూలు మునిగిన పెద్ద వరదొచ్చిన ఏడు పుట్టె నా బిడ్డ. మా ఇల్లు పోయె, బడిమీద ఉంటిమి ఊరంతా. వరద తీసిన పదోదినం ఆ బడి వరండాలోనే కంటిని. ఊర్లో ఎవుర్నన్నా అడగండి. అయ్యవారు నేను చెప్పిందే రాసుకున్యాడు."

అధికారి వనజాక్షి వైపు చూశాడు. ఆమె ఏమంటుందో దానిమీదే ఉంది అంతా. అప్పుడామె అన్న మాట ఇది:

"స్కూలు కాగితాల్లో పుట్టినతేదీలు ఎట్లా రాయిస్తారో నాకు తెలుసమ్మా."

తెలుసు మరి. ఆమెకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? కాకపోతే తెలిసింది తన ఇంట్లో జరిగిన సంగతి, అంటించింది ఎదుటి మనిషికి. ఉరుకుందమ్మను వరసలోంచి తీసి పక్కన నిలబెట్టారు. మిగతా పిల్లలు "దొంగ వయసు, దొంగ వయసు" అని గుసగుసలాడుకున్నారు. ఆ పిల్ల ఏడవలేదు. తల్లివైపు తిరిగి, "నిజంగా నేను ఎప్పుడు పుట్నానుమా?" అని అడిగింది. అంతమందిలో కన్నబిడ్డే తనను నమ్మకపోయేసరికి ఈరమ్మ తలమీదికి కొంగు లాక్కుని పక్కకు తిరిగింది.

వనజాక్షికి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే పరిశోధనశాలకు వెళ్ళి, లెక్కలు చూసే ఇలియాజ్‌ను పిలిచి, పట్టీకి నేర్పించిన అసలు జాబితా తెరవమంది. పదకొండువందల నలభైమంది పిల్లల మోకాళ్ళు, వాళ్ళ వెనక కొందరు పెద్దవాళ్ళవీ, ఎదురుగా అందరి స్కూలు సర్టిఫికెట్లలోని తేదీలు. ఆ మోకాలు విను, ఈ వయసు నేర్చుకో, అని పట్టీకి చెప్పింది ఈ జాబితాతోనే.

"ఇందులో జూన్ ఒకటి ఎన్ని?"

ఇలియాజ్ చూడనక్కర్లేకుండానే చెప్పాడు. "నాలుగువందల పన్నెండు మేడం."

రెండేళ్ళ కిందట ఈ సంగతి మొదట కనిపెట్టింది ఇతనే. అప్పుడు నవ్వుతూ అన్నాడు, "జూన్ ఒకటో తారీఖున మన జిల్లా ఆసుపత్రులు ఎట్లా తట్టుకున్నాయో మేడం, ఒక్కరోజే ఇన్ని కాన్పులు!" అని. ఆమె కూడా పడీపడీ నవ్వింది. నవ్వి, "లెక్క వంకరగా కనపడుతుంది, ఆ తేదీల్ని సంవత్సరమంతా సర్దేసెయ్," అంది. అతను సర్దేశాడు. నెలల వంకర పోయింది. ఏళ్ళ వంకర అట్లాగే ఉండిపోయింది. తల్లుల్ని అడిగి తేదీలు సరిచూద్దామని కూడా అతను అన్నాడు. "వాళ్ళు జాతర ముందనీ, వాన వెలిసిందనీ చెప్తారు, అది సైన్సెట్లా అవుతుంది? కాగితం ఉంటేనే రాసుకో," అన్నది కూడా ఆమే.

"ఇలియాజ్, ఆడపిల్లల్ని అన్నతో పాటో అక్కతో పాటో పంపడానికి ఏడాదీ ఏడాదిన్నరా పెంచి రాయించారనుకో. మగపిల్లలకు ఉద్యోగాల కోసం అర్ధ సంవత్సరం పైన తగ్గించారనుకో. అప్పుడేమవుతుంది?"

అతను బల్లమీద కాగితం తీసుకుని రెండు గీతలు గీశాడు. ఆడపిల్లల గీతను ఒకవైపు జరిపాడు, మగపిల్లల గీతను ఇంకోవైపు. రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి.

"రెండేళ్ళ తేడా మాయమవుతుంది మేడం. మనకొచ్చింది అదే." గోడమీది ఫ్రేమువైపు చూడకుండా ఉండటానికి పాపం అతను చాలా కష్టపడ్డాడు. "మనం కనిపెట్టింది పిల్లల ఎముకల సంగతి కాదు. నాయనల చేతిరాత."

వనజాక్షి మోకాలిమీద చెయ్యి వేసుకుంది. ఎన్ని సభల్లో, ఎంతమంది ముందు ఆ పట్టీ తన సర్టిఫికెట్ వయసును పొల్లుపోకుండా చెప్పింది! చెప్పిన ప్రతిసారీ పట్టీ తన తప్పును తానే ఒప్పుకుంటోంది. చప్పట్ల మధ్య ఎవరికీ వినపడలేదు. కనీసం వనజాక్షికైనా వినపడాల్సింది. సిగ్గుతో ఒళ్ళంతా చిన్నదైపోయినట్టు అనిపించింది.

ఫోను తీసింది. ఎంపిక అధికారి నంబరు ఉంది. నిన్నటి పిల్ల తల్లి చెప్పింది నిజమై ఉండొచ్చు, మా యంత్రంలో పొరపాటుంది, ఆ పిల్లను చేర్చుకోండి. మూడు వాక్యాలు. నంబరు కూడా నొక్కింది. మోగకముందే పెట్టేసింది.

"ముందు రుజువు చేద్దాం ఇలియాజ్. ఉత్త అనుమానంతో చెప్తే నవ్వుతారు. ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లల్ని వెతుకు. కాన్పుల రిజిస్టరులో తేదీ ఉన్నవాళ్ళనే తీసుకుందాం. మళ్ళీ నేర్పిద్దాం."

"అంతవరకూ ఆ పాప?"

"రుజువయ్యాక గట్టిగా చెప్పొచ్చు కదా."

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉండటంవల్లే ఆమె దాని చాటున దాక్కోగలిగింది. సర్కారు రెండువందల పట్టీలు కొంటామంది, సంతకాలు ఆ నెలలోనే. ఆ సంగతి ఆమె ఇలియాజ్‌తో అనలేదు. తనతో తానూ అనుకోలేదు.

మూడు నెలలు పట్టింది. ఇలియాజ్ ఊరూరా తిరిగి ఆసుపత్రి రిజిస్టర్లు తిరగేశాడు. పిల్లలు వచ్చి కాళ్ళు చాపి కూర్చునేవాళ్ళు, చక్కిలిగింత పెడుతోందని నవ్వేవాళ్ళు, బిస్కట్లు తీసుకుని వెళ్ళేవాళ్ళు. ఇంట్లో ఓబుళమ్మ అప్పుడప్పుడూ అడిగేది, "పరుగెత్తే పిల్లేమాయె?" అని. "పని జరుగుతాంది" అనేది కూతురు. దసరాకు తల్లి పాయసం చేసి, "ఇప్పుడు నిండినాయి నీకు నలభై ఆరు," అని గిన్నె ముందు పెడితే వనజాక్షి రెండు చెంచాలు కూడా తినలేకపోయింది.

నవంబరు నెలాఖర్లో పట్టీ కొత్త పాఠం పూర్తిగా నేర్చుకుంది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య రెండేళ్ళ తేడా, అన్నిచోట్లా ఉన్నట్టే, చక్కగా తిరిగొచ్చింది. ఆగస్టులో దాచిపెట్టిన ఉరుకుందమ్మ మోకాలి శబ్దాన్ని ఇలియాజ్ మళ్ళీ వినిపించాడు. "స్త్రీ. పదమూడేళ్ళ పది నెలలు."

వరద తీసిన పదోరోజు నుంచి ఆ ఆగస్టుకు లెక్కేస్తే సరిగ్గా అంతే.

వనజాక్షి ఆ రోజే పైవాళ్ళకు అన్నీ రాసింది. కొనుగోలు రద్దయింది. ఫ్రేమును తనే గోడమీంచి దించింది. దిగులు వేయలేదు, తేలికపడినట్టే అనిపించింది. తప్పు ఒప్పుకున్నదాన్ని కదా అని లోలోపల కాస్త గర్వం కూడా పుట్టింది. వారంలో క్రీడాపాఠశాలనుంచి ఉత్తర్వు వచ్చింది: పరుగు విభాగంలో ఒక సీటు ఖాళీగా ఉంది, సవరించిన పరీక్ష ప్రకారం కుమారి ఉరుకుందమ్మను మామూలు నిబంధనలకు లోబడి చేర్చుకోవచ్చు. పోస్టులో పంపకుండా, తనే తీసుకుని ఏటిగడ్డపల్లెకు బయల్దేరింది.

తల్లీబిడ్డలు ఊరవతల పత్తి చేలో ఉన్నారని చెప్పారు. చేనంతా తెల్లగా పగిలి ఉంది. పది పదిహేనుమంది ఆడవాళ్ళు ఒళ్ళో బట్ట కట్టుకుని పత్తి తీస్తున్నారు. వాళ్ళలో ఉరుకుందమ్మ ఒకతి. బడికి పోవడం మానేసిందట. దొంగ వయసు పిల్ల అని తోటివాళ్ళు ఎగతాళి చేస్తుంటే ఇక పోనని కూర్చుందట. వనజాక్షిని చూడగానే ఆ పిల్ల మోకాలిమీదికి లంగా లాక్కుంది.

"పట్టీ తేలేదమ్మా," అంది వనజాక్షి. "మీ అమ్మ చెప్పిందే నిజం. మా యంత్రమే తప్పు. నీకు సీటిచ్చారు, చూడు."

ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఉరుకుందమ్మ చేతులు దులుపుకుని ఉత్తర్వు అందుకుంది. పెదాలు కదుపుతూ చదివింది. ఒకచోట ఆగి, మళ్ళీ వెనక్కి పోయి చదివింది. ముఖంలో వెలుగు వచ్చినట్టే వచ్చి పోయింది.

"మేడం, మామూలు నిబంధనలంటే ఏంది? చేరేనాటికి పద్నాలుగు నిండగూడదు, అదేనా?"

"అదే..." అని వనజాక్షి ఆగిపోయింది.

"నాకు అక్టోబరు పన్నెండుకు నిండినాయి గదా మేడం."

దేశంలో ఎవరి మోకాలైనా పట్టి నెలలతో సహా వయసు చెప్తానని సభల్లో కూర్చున్న మనిషికి ఈ చిన్న కూడిక తట్టలేదు. కార్లో వస్తున్నంతసేపూ ఆ కాగితం ఒళ్ళోనే ఉంది. తను ఎంత మంచిపని చేస్తోందో తలచుకుంటూ వచ్చింది తప్ప, ఆ పిల్ల పుట్టినరోజు తలచుకోలేదు.

ఈరమ్మ మెల్లగా అడిగింది. "మా మాట నిజమని నీకెప్పుడు తెలిసెనమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. పోయినవారమే యంత్రం తేల్చిందని చెప్పొచ్చు, అదీ ఒక లెక్కన నిజమే. వనజాక్షి తలవంచుకుంది. "మర్నాడే."

"మర్నాడే తెలిసెనా?"

"తెలిసింది. ఫోను చేసి ఉంటే సరిపోయేది. చెయ్యలేదు."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. వనజాక్షి గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. "ఈరమ్మా, నేనింకో కాగితం రాసిస్తాను. యంత్రం లెక్కకు రెండు మూడు నెలలు అటూ ఇటూ ఉండొచ్చు. పుట్టింది జనవరి అని రాస్తాను. నా సంతకముంటే ఎవరూ అడగరు. రేపే చేరిపోవచ్చు పిల్ల."

ఈరమ్మ ఆమె వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఇంత చదువుకున్న మనిషికి ఇదెందుకు తెలియలేదా అన్నట్టు చూసింది.

"వద్దమ్మా. అబద్ధమాడినారని నా బిడ్డను వరసలోంచి తీసేస్తిరి. మూడు నెలలనుంచీ నా బిడ్డే నన్ను నమ్మక నాతో సరిగా మాట్లాడదు. ఇప్పుడు నిజంగానే అబద్ధమాడి చేర్చమంటావా? అది పుట్టిన దినం నాకు తెలుసు. నువ్వు దాన్ని యాడికీ జరపొద్దు."

వనజాక్షికి అప్పుడు వెలిగింది. నాన్న అప్పట్లో తన బడి అయ్యవారి ముందు చేసిన పనే తను ఇప్పుడు ఈ చేలో చేయబోయింది, అదీ సాయం చేస్తున్నాననుకుంటూ.

ఉరుకుందమ్మ ఉత్తర్వు తిరిగివ్వలేదు. మడిచి పట్టుకుని తల్లి వంక చూసింది, తర్వాత వనజాక్షి వంక.

"ఈ కాగితం నాకిస్తారా మేడం? సీటు కోసం కాదు. మాయమ్మ చెప్పింది నిజమని ఇందులో ఉంది గదా. బళ్ళో చూపిస్తా."

వనజాక్షి కాగితం తీసుకుని చూసింది. 'సవరించిన పరీక్ష ప్రకారం' అని ఉంది. యంత్రం మాట ఉంది, అధికారి మాట ఉంది. ఈరమ్మ పేరు ఎక్కడా లేదు. సంచిలోంచి పెన్ను తీసి, పుస్తకం మీద కాగితం పెట్టుకుని, కింద ఖాళీలో రాసింది. రాసి, పూర్తిపేరుతో సంతకం చేసి, తేదీ వేసి, పిల్ల చేతికిచ్చింది.

"ఏం రాసిందే? చదువు," అంది ఈరమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పత్తి ఒళ్ళోనే పట్టుకుని దగ్గరికొచ్చారు.

ఉరుకుందమ్మ గొంతు సవరించుకుని, బళ్ళో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది. "ఈరమ్మ ఆ రోజు చెప్పింది నిజం. ఆ సంగతి నాకు మర్నాడే తెలిసింది. నేను ఎవరికీ చెప్పలేదు."

"మళ్ళీ చదువు," అంది ఈరమ్మ.

పిల్ల మళ్ళీ చదివింది. వెనక సాళ్ళలో ఉన్నవాళ్ళకు వినపడలేదంటే మూడోసారి కూడా చదివింది. అది పూర్తయ్యేదాకా వనజాక్షి తలవంచుకుని అక్కడే నిలబడింది.